ఆవర్జాలో 1,100 డాలర్లు, గుర్రం కొనడానికి మాత్రం అప్పు: ఒక పల్లె డాక్టరు లెక్కల కేస్ స్టడీ

నేపథ్యం

ఇది వబాష్ నది లోయలో, ఇండియానా వైపు ఒక చిన్న ఊళ్లో, 1840ల చివరి నుంచి 1860ల మొదటి దాకా ప్రాక్టీసు చేసిన ఒక డాక్టరు లెక్కల పుస్తకాల కేసు. పేరు, ఊరు, కౌంటీ ఇవ్వడం లేదు. రోగుల వంశాలు ఇంకా ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. ఎవరి ముత్తాత ఎంత ఎగ్గొట్టాడో ఆవర్జాలో, అంటే మనిషి వారీ ఖాతాల పుస్తకంలో, పేరుతో సహా ఉంది. అందుకని అంకెల్ని గుండ్రం చేశాం. అదే తరహా పుస్తకాల్లో మామూలుగా కనిపించే వివరాల్ని కొన్ని కలిపి, ఆనవాలు దొరక్కుండా చేశాం. లెక్క నడిచిన తీరును మాత్రం మార్చలేదు.

చేతికొచ్చినవి ఇవి: ఏ రోజుకారోజు రాసిన చిట్టా రెండు సంపుటాలు, ఇంటి యజమాని పేరున ఒక్కో పేజీ కేటాయించిన ఆవర్జా ఒకటి, హోల్‌సేల్ మందుల వర్తకుల రసీదుల కట్ట ఒకటి. డాక్టరు చనిపోయాక, పోయినవాళ్ల ఆస్తులు తేల్చే ప్రొబేట్ కోర్టులో దాఖలైన ఆస్తుల జాబితా నకలు తర్వాత దొరికింది.

డాక్టరు ఆ కాలానికి మామూలు మనిషే. మూడేళ్లు ఒక పెద్ద డాక్టరు దగ్గర శిష్యరికం చేశాడు, రెండు చలికాలాలు కాలేజీ ఉపన్యాసాలు విన్నాడు. రెండో ఏడు చెప్పేది మొదటి ఏటి పాఠమే, మళ్లీ. అప్పటికి చాలా రాష్ట్రాలు వైద్యులకు లైసెన్సు చట్టాలు ఎత్తేశాయి. లొబీలియా అనే మొక్కతో వాంతి చేయించి ఆవిరి పట్టించే థామ్సన్ పద్ధతి వాళ్లు, హోమియోపతులు, వైద్యం నేర్చానని చెప్పుకునే ఇంకెవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. ఈ సంగతి చదువు గురించి చెప్పడానికి కాదు, వసూళ్ల గురించి. బాకీ గట్టిగా అడిగితే రైతు పక్కూరి ఆవిరి వైద్యుడి దగ్గరికి పోతాడు.

వచ్చిన సమస్య

ఆవర్జాలో 1850ల నడిమి ఒక ఏడాదికి రోగుల మీద రాసిన పద్దులు కూడితే 1,100 డాలర్లు దాటుతున్నాయి. రోజు కూలీ డాలరు లోపే ఉన్న చోట అది పెద్ద సొమ్ము. అదే ఏడు చివర ఆయన గుర్రం కొనడానికి స్టోరు యజమాని దగ్గర 90 డాలర్లు అప్పు తీసుకున్నాడు. ఆ ప్రోనోటు నకలు ఆవర్జా అట్టలో దొరికింది. చనిపోయేనాటికి ఆస్తిలో ఎక్కువ భాగం ఇతరులు రాసిచ్చిన ప్రోనోట్లే. పుస్తకాలు ఇచ్చిన కుటుంబంలో ఒక మాట ఉండేది: ఆయన తాగేవాడనీ, కాదు మెత్తటివాడు గనక ఊరు మోసం చేసిందనీ. ఈ పుస్తకాలు ఉంచే పెట్టె మీద వివరణ రాయాలంటే ఈ రెండింట్లో ఏదైనా నిలుస్తుందా అని తేల్చుకోవాలి.

మొదట చేసింది, అది ఎందుకు చెడింది

ఎవరైనా మొదట చేసేదే చేశాం: ఆవర్జాలో ఎడమవైపు పద్దులన్నీ కూడి ఆదాయం అనుకోవడం. అందులో మూడు తప్పులు దాగి ఉంటాయి.

మొదటిది, పాత పుస్తకం నుంచి తెచ్చిన బాకీ. కొత్త పేజీ తెరిచినప్పుడు పై వరుసలో కిందటి నిల్వ రాస్తారు. అది ఆ ఏటి పని కాదు. ఈ కేసులో 1,100లో 200 అదే. రెండోది, చెల్లు రాసిన తీరు. ఖాతా ముగించి మిగతాకు రోగి నోటు రాసిస్తే, ఆవర్జాలో కుడివైపు నోటు మొత్తాన్ని జమ కట్టి పేజీ కొట్టేస్తారు. చూడటానికి డబ్బు ముట్టినట్టే ఉంటుంది. ముట్టింది కాగితం. మూడోది, కౌంటీ ఖాతా. నిరుపేదలకు చేసిన వైద్యానికి కౌంటీ తక్కువ రేటుకు ఒప్పుకుని, నగదు బదులు ఆర్డరు కాగితం ఇస్తుంది. ఖజానాలో డబ్బు పడేదాకా ఆగలేనివాడు దాన్ని వర్తకుడికి తక్కువకు అమ్ముకోవాలి. పుస్తకంలో ముఖవిలువే ఉంటుంది.

తర్వాత రెండో కొసకు పోయి నగదు జమలు మాత్రమే లెక్కేశాం. అది అయిదో వంతు. అంత రాబడితో సంసారం నడవదు, కానీ ఇక్కడ ఇల్లు, రెండు గుర్రాలు, నలుగురు పిల్లలు కళ్లెదుట కనిపిస్తున్నారు. అంటే తప్పు మన లెక్కలోనే ఉంది. సెన్సస్‌తో సరిచూద్దామన్నా దారి తప్పిస్తుంది. 1850 సెన్సస్‌లో స్థిరాస్తి విలువే ఉంటుంది, 1860లో చరాస్తి కూడా చేర్చారు. అక్కడ డాక్టరు చరాస్తి ఘనంగా కనిపించడానికి కారణం మళ్లీ ఆ నోట్లే.

ఒక్క పేజీ దగ్గరగా

ఇక్కడ ఆగి ఒక ఖాతా పూర్తిగా చూడాలి. రైతు, ఊరికి 8 మైళ్ల దూరం.

ఆగస్టు: విజిట్, మందు, 3.00. రెండు రోజుల తర్వాత మళ్లీ 3.00. సెప్టెంబరు: కొడుకు చేతికి మందు, 0.50. ఫిబ్రవరి: కాన్పు, 5.00. మార్చి: పన్ను పీకడం, 0.25. మొత్తం 11.75.

కుడివైపు: అక్టోబరులో ఓట్స్ 12 బుషెళ్లు (బుషెల్ అంటే ధాన్యం కొలత, 32 క్వార్ట్‌లు), 3.00. డిసెంబరులో పంది మాంసం 100 పౌన్లు, 4.00. జనవరిలో కట్టెల బండి, 1.50. మార్చిలో నగదు, 1.00. మిగతా 2.25కి నోటు. కింద 'ఈ రోజు లెక్క చూసుకున్నాం' అని ఒక వరుస, ఇద్దరి సంతకాలు.

పదకొండు డాలర్ల ముప్పావులో నాణెం ఒక్క డాలరు. అయినా ఇది మొండి బాకీ కాదు, మంచి ఖాతా. రైతు ఎగ్గొట్టలేదు, తన దగ్గర ఉన్నది ఇచ్చాడు. అది కూడా పంట చేతికొచ్చి, పందుల్ని కోసే నెలల్లోనే. వసూళ్లు నవంబరు, డిసెంబరు, జనవరిల్లో గుమిగూడటం ఈ పుస్తకమంతా ఉంది. ఆగస్టులో చేసిన వైద్యానికి ఆగస్టులో ఎవరూ ఏమీ ఇవ్వరు.

సంతకాల వరుస మర్యాద కోసం పెట్టింది కాదు. పుస్తకంలో రాసుకున్న బాకీకి కాలదోషం త్వరగా పడుతుంది. ఇద్దరూ ఒప్పుకున్న లెక్కకు, అందులోనూ సంతకం చేసిన నోటుకు, గడువు ఎక్కువ, వడ్డీ కూడా పారుతుంది. నోటును ఇంకొకరికి రాసివ్వచ్చు కూడా. కాబట్టి నోటు తీసుకోవడం మెత్తదనం కాదు, ఉన్నవాటిలో మంచి జాగ్రత్త.

ఏది పనిచేసింది

ఆవర్జా పక్కన పెట్టి చిట్టా తెరిచాక దారి దొరికింది. ఆవర్జా మనిషి వారీగా ఉంటుంది, ఏ రోజు ఎలా గడిచిందో దాన్నుంచి రాదు. చిట్టాలో రోజు దొరుకుతుంది.

ముందు ఫీజును విడగొట్టాలి. 'విజిట్, మందు, 3.00' అనేది ఒకే అంకెలా కనిపిస్తుంది గానీ అందులో విజిట్ డాలరు, మైలుకు 25 సెంట్ల చొప్పున దారి, ఇచ్చిన మందు అన్నీ ఉన్నాయి. దారి ఒకవైపుకే కడతారు. ఇల్లు 8 మైళ్లయితే 1.00, 2.00 కలిసి 3.00. ఊళ్లోనే ఉన్నవాళ్లకు యాభై సెంట్లో డాలరో. రాత్రి పిలిస్తే దారి ఖర్చు రెట్టింపు. దీన్ని రేటు పట్టికగా డాక్టరు ఎక్కడా రాసుకోలేదు, ఒకే ఇంటికి పడ్డ పద్దులు పోల్చి రాబట్టాలి. ఒకే అంకెకు రెండు చదువులు వస్తాయి: 4.00 అంటే పగటిపూట 12 మైళ్లు కావచ్చు, రాత్రి 6 మైళ్లు కావచ్చు.

తేల్చేది భూమి సర్వే. అక్కడి భూమిలో చాలా భాగాన్ని ఆరేసి మైళ్ల చదరపు టౌన్‌షిప్పులుగా, వాటిని మైలు చదరపు సెక్షన్లుగా కొలిచారు. రైతు పొలం సెక్షన్ నంబరు భూమి రికార్డుల్లో దొరికితే గళ్లు లెక్కపెట్టి దూరం చెప్పొచ్చు. అయితే గళ్ల దూరం దారి దూరం కాదు. వాగు పొంగితే రేవు దాకా చుట్టు తిరగాలి. మార్చి, ఏప్రిల్ నెలల్లో కొన్ని ఇళ్లకు మామూలు కంటే యాభై సెంట్లు ఎక్కువ పడటానికి మాకు తోచిన కారణం అదొక్కటే. అవన్నీ వాగు అవతలి ఇళ్లే.

దూరం తెలిస్తే గంటలు తెలుస్తాయి. బురద దారిలో గుర్రం గంటకు నాలుగు మైళ్లు నడిస్తే గొప్ప. 8 మైళ్ల ఇంటికి పోయి రావడం నాలుగు గంటలు, మంచం దగ్గర గంట. ఇలాంటివి రోజుకు రెండు, దారిలో కలిసొస్తే మూడు. అదే దారిలో ఉన్న రెండో ఇంటికి ఆయన దారి ఖర్చు సగమే వేశాడు, అది కూడా చిట్టాలో వరస చూస్తేనే తెలుస్తుంది. ఈ లెక్కన చిట్టాలో నిండుగా ఉన్న రోజుల్లో పన్నెండు, పద్నాలుగు గంటలు జీను మీదా, రోగి ఇంట్లోనూ పోయాయి. తాగుబోతు కథ ఇక్కడే వీగిపోయింది. ఖాళీ రోజులు ఉన్న మాట నిజమే గానీ, వాటిలో ఎక్కువ భాగానికి ముందు రోజు చివరి పద్దు కాన్పు. అయిదు డాలర్లకు ఒక రాత్రి, ఒక పగలు. మర్నాడు పద్దు లేదంటే ఆయన ఇంకా అక్కడే ఉన్నాడని అర్థం.

సరుకు రాబడిని ఎలా తూచాలి

ఓట్స్‌కు, మాంసానికి ఆవర్జాలోనే ధర వేసి ఉంది కదా, కూడేస్తే పోలేదా అనిపిస్తుంది. పోదు. సరుకు తనకు పనికొస్తేనే ఆ ధర నిజం. అందుకని ఒక్కో సరుకుకు ఇంటి వాడకం ఎంతో గీత గీశాం.

గుర్రానికి రోజుకు 8 క్వార్ట్‌ల ఓట్స్ అనుకుంటే రెండు గుర్రాలకు ఏడాదికి 5,840 క్వార్ట్‌లు. బుషెల్‌కు 32 చొప్పున 182 బుషెళ్లు. ఆ ఏడు జమ అయిన ఓట్స్ దీనికి కొంచెం లోపే. అంటే అవన్నీ మేతకే పోయాయి, కొనాల్సిన మేత తప్పింది, ధర నిజం. కట్టెలు మాత్రం ఇంటికి కావలసిన దానికంటే ఎక్కువ వచ్చాయి. మిగులును స్టోరుకు మళ్లించాడు. పొలం దున్నిన కూలి, కంచె వేసిన కూలి, గుర్రం నాడాలు కొట్టిన కమ్మరి జమ, ఇవన్నీ డబ్బుతో సమానమే, ఎందుకంటే లేకపోతే డబ్బిచ్చి చేయించుకోవాలి.

స్టోరు ఆర్డర్లు ఇంకో చిక్కు. రైతు స్టోరులో గోధుమలు వేస్తాడు, స్టోరు అతనికి బాకీ. రైతు డాక్టరుకు బాకీ, డాక్టరు కాఫీకీ గుడ్డలకీ స్టోరుకు బాకీ. ఒక చీటీతో ముగ్గురి లెక్కా తీరుతుంది, నాణెం కదలదు. జాగ్రత్తపడకపోతే ఈ చీటీలు నగదు కింద పడిపోతాయి. జమ ఎదుట స్టోరు పేరు ఉంటే దాన్ని వేరే నిలువు వరుసలో వేయాల్సిందే.

ఇలా విడగొడితే ఆ ఏడు కొత్తగా వేసిన 900 డాలర్లు నాలుగేళ్లలో ఏమయ్యాయో తేలింది: సరుకు, కూలి 330, నగదు 180, నోట్లు 150, స్టోరు చీటీలు 120, ఏమీ రానివి 120. ఊరు మోసం చేసింది అనడానికి ఆ చివరి 120 చాలదు. అందులో కొంత, రోగి చనిపోయాక డాక్టరు తానే గీత కొట్టేసిన పద్దులు.

మరి అప్పు ఎందుకు?

జవాబు రసీదుల కట్టలో ఉంది. పల్లె డాక్టరు మందులు రాసివ్వడు, తానే ఇస్తాడు. జీనుకు వేలాడే తోలు సంచుల్లో గాజు సీసాలు, పొడులు, పుళ్లకు పట్టీ, పన్ను పీకే కొక్కెం. ఫీజులోనే మందు. ఆ మందుల వర్తకుడు దూరపు పట్నంలో ఉంటాడు. అతనికి ఓట్స్ అక్కర్లేదు. కొంత గడువిస్తాడు, ఆ తర్వాత నిక్కమైన బ్యాంకు డబ్బు కావాలి. అదీ ఏ బ్యాంకు నోటు పడితే ఆ నోటు కాదు. అప్పుడు రాష్ట్రాల బ్యాంకులు ఎవరికి వారు నోట్లు వేసేవి, దూరం పోయేకొద్దీ వాటికి తరుగు కట్టేవారు.

ఆ ఏటి మందుల బిల్లు 140 డాలర్లు. సగం దాకా క్వినైన్. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఆ లోయంతా చలిజ్వరం, అంటే మలేరియా. కుళ్లిన ఆకుల గాలి వల్ల వస్తుందని డాక్టరు నమ్మకం. మలేరియా దోమ కడుపులోకి చేరుతుందని రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులో కనిపెట్టింది 1897లో. అయినా మందు మాత్రం సరైనదే. చలి రాని వేళల్లో రెండు గంటలకోసారి రెండేసి గ్రెయిన్లు (మందులు తూచే అతిచిన్న తూకం), పన్నెండు గ్రెయిన్ల దాకా, తర్వాత కొన్నాళ్లు తక్కువగా. మనిషికి ఇరవై గ్రెయిన్లు పోతాయి. వాకిట్లోకి వచ్చి తీసుకెళ్లేవాళ్లకు దీనికి వేసింది 50 సెంట్లు. ఎక్కువ వేయలేడు, ఎందుకంటే మిస్సోరి డాక్టరు జాన్ సాపింగ్టన్ 1832 నుంచి అమ్మించిన జ్వరం మాత్రల వల్ల క్వినైన్ మాత్ర ఆ ప్రాంతాల్లో ఇంటింటి సరుకైపోయింది.

రసీదుల్ని చిట్టాతో సరిచూసేటప్పుడు తూకం దగ్గర జాగ్రత్త. వర్తకుడు అమ్మే ఔన్సు మామూలు తూకం, 437.5 గ్రెయిన్లు. డాక్టరు తన త్రాసులో తూచే ఔన్సు మందుల తూకం, 480. కొన్నది 480 అనుకుంటే ఔన్సుకు ఇద్దరు ముగ్గురు రోగులు లెక్కలో ఎక్కువ తేలతారు. ఇంకా ఘోరమైనది చేతిరాత. డ్రామ్ (మందుల ఔన్సులో ఎనిమిదో వంతు) గుర్తు మూడంకెలా ఉంటుంది, దాని మీద ఇంకో కొక్కెం పెడితే ఔన్సు. సిరా వెలిసిన చోట ఒకదాన్ని ఇంకొకటిగా చదివితే మోతాదు ఎనిమిది రెట్లు మారిపోతుంది. రోగి చచ్చిపోయేంత మోతాదు కనిపిస్తే ముందు అనుమానించాల్సింది డాక్టర్ని కాదు, మన చదువును.

ఇదే కట్ట నుంచి కాలొమెల్ అనే పాదరసం మందు వాడకం తగ్గిందా పెరిగిందా అని కూడా చూడబోయాం. రాలేదు. కాలొమెల్ చవక, పౌను కొంటే 7,000 గ్రెయిన్లు, ఇరవై గ్రెయిన్ల చొప్పున 350 మోతాదులు. ఒక ఏడు కొని ఇంకో ఏడు కొనకపోతే అది సీసా నిండుగా ఉండటం వల్లే కావచ్చు. 1863లో, అంతర్యుద్ధం నడుమ, సర్జన్ జనరల్ హామండ్ యూనియన్ (ఉత్తరాది) సైన్యపు మందుల పట్టిక నుంచి కాలొమెల్ తీసేసిన సంగతి తెలుసు గనక, పల్లె డాక్టర్ల పుస్తకాల్లోనూ ఆ మలుపు వెతకాలనిపిస్తుంది. ఈ రసీదులు దానికి ఒప్పుకోవు. రక్తం తీయడానికి వేసిన పద్దులు ఏటేటా తగ్గాయన్నా అంతే. దాన్ని విడిగా రాయడం మానేసి 'విజిట్, మందు'లో కలిపేసి ఉండొచ్చు.

ఇక నగదు లెక్క. పాత బాకీల వసూళ్లతో కలిపినా ఆ ఏడు చేతికొచ్చిన నాణెం 180. మందులకు 140, పన్నులకు, జీను సామానుకు 35. మిగిలింది అయిదు. అక్టోబరులో గుర్రం కుంటిపడింది, మంచి గుర్రానికి 90. ఓట్స్ ఎన్ని ఉన్నా గుర్రం అమ్మేవాడు తీసుకోలేదు. మెత్తదనమూ లేదు, మోసమూ లేదు. రాబడి ఒక రకం, కట్టాల్సింది ఇంకో రకం.

1857 ఆగస్టులో ఒహయో లైఫ్ ఇన్సూరెన్స్ అండ్ ట్రస్ట్ కంపెనీ కూలి, దేశమంతా బ్యాంకులు బిగుసుకున్నప్పుడు ఇది ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆ చలికాలం పేజీల్లో నగదు జమ దాదాపు లేదు, నోట్లు ఒకదాని వెంట ఒకటి. ఆ నోట్లే ప్రొబేట్ జాబితాలో వచ్చేవి, అనుమానం, రానివి అని మూడు కుప్పలుగా తేలాయి. పెద్ద కుప్ప మూడోది.

ఇలాంటి పుస్తకం చేతికొస్తే

చిట్టా ఉంటే ముందు చిట్టా. ఆవర్జా మాత్రమే ఉంటే రాబడి అంకె చెప్పకపోవడమే మేలు. వేసిన పద్దులు ఇంత అని రాసి ఆపాలి. జమలను నగదు, సరుకు, కూలి, చీటీ, నోటు అని మొదటి రోజు నుంచే అయిదు నిలువు వరుసల్లో వేయాలి, తర్వాత విడగొట్టాలంటే పుస్తకమంతా మళ్లీ చదవాలి. రోగి పేరుతో వెతకొద్దు, ఇంటి యజమాని పేరుతో వెతకాలి. భార్య, పిల్ల, పాలేరు అందరూ ఆయన పేజీలోనే ఉంటారు. భర్త చనిపోతేనే ఆడమనిషి పేరున పేజీ తెరుచుకుంటుంది.

ఒకటి మాత్రం పూర్తిగా తేలలేదు. చిట్టాలో రెండు చేతిరాతలున్నాయి. రెండోది డాక్టరు కాన్పుకో దూరపు పిలుపుకో పోయిన రోజుల్లోనే కనిపిస్తుంది. ఆ రాతలో ఒక్క విజిట్ లేదు, పన్ను పీకడం లేదు, ఉన్నదంతా మందు ఇచ్చిన పద్దులే: యాభై సెంట్లు, పాతిక సెంట్లు, ఎక్కువగా సెప్టెంబరులో. శిష్యుడై ఉంటే చిన్న విజిట్లయినా చేసేవాడు, గురువుకు కట్టే ఫీజు ఆవర్జాలో ఎక్కడో ఒకచోట ఉండేది. అలాంటి ఖాతా లేదు. ఇంట్లోవాళ్లే, చాలామటుకు భార్యే, క్వినైన్ తూచి ఇచ్చేవారని మా అంచనా. ఆమె చేతిరాత నమూనా విడిగా ఏదీ దొరకనందువల్ల వివరణలో పేరు పెట్టలేదు. ఆ పద్దుల్ని డాక్టరు పని గంటల్లో కలపకుండా, 'ఇంటి దగ్గర ఇచ్చిన మందు' అని వేరే వరుసలో చూపించాం.